మా ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకున్న సంవత్సరం

"ఇది కాన్సరేనమ్మా, కానీ తొందరగానే పట్టుకున్నాం" అని డాక్టరుగారు చెప్పగానే మా ఆవిడ ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న, "మీ చొక్కా ఎవరు కుట్టేరండీ? ఎడం భుజం జారిపోతంది" అని. పాపం ఆయన తన భుజం వైపు చూసుకున్నారు. నేను నేల చూపులు చూశాను. తర్వాత ఆయన ఆపరేషను గురించీ, ఆరు కీమోల గురించీ, ఆ తర్వాత ఇచ్చే రేడియేషను గురించీ వివరంగా చెప్పారు. ఆవిడ అన్నీ విన్నది. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది. కిందికి దిగేదాకా వదల్లేదు.

మా ఆవిడ నా మేనమామ కూతురు. వాళ్ళది మునగపాక. పెళ్ళికి ముందూ నన్ను బావా అనే పిలిచేది, పెళ్ళయ్యాకా అలాగే పిలుస్తోంది. అనకాపల్లిలో మా ఇంటి ముందుగదే ఆవిడ కుట్టుకొట్టు. జాకెట్లు కుడుతుంది. కె. కోటపాడు నుంచి కూడా ఆడవాళ్ళు బస్సెక్కి వస్తారు. కుట్టు అంత బాగుంటుంది. నోరు మాత్రం అలా ఉండదు. "నెల్లాళ్ళలో ఇంత లావెక్కితే నా కొలతలేటి సేత్తాయి?" అని మొహం మీదే అనేస్తుంది. వాళ్ళు తిట్లు తిని, నవ్వుకుని, మళ్ళీ అక్కడికే వస్తారు.

నేను బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమున్నన్నాళ్ళూ తెల్లారకుండా వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. అంచేత ఆవిడ కోపానికి నేను దొరికింది రోజుకి మూడు నాలుగు గంటలు. ఇంత పెద్ద జబ్బు వచ్చేసరికి, మాకు పిల్లలు లేరు కాబట్టి, చూసుకోవలసింది నేనొక్కణ్ణే అని తేలింది. అంటే ఆ కోపానికి రోజంతా నేనే దొరుకుతానన్నమాట.

వైజాగ్‌లో ఆపరేషను చేశారు. ఒక రొమ్ము తీసేశారు. ఒంటికి గొట్టం వేలాడుతుండగానే మా ఆవిడ దుప్పటి మడత సరిగ్గా లేదని ఆయాతో పేచీ పెట్టుకుంది. ఇంటికొచ్చాక మా మరదలు, అంటే ఆవిడ చెల్లెలు, మునగపాక నుంచి వచ్చి పది రోజులుంది. తర్వాత చెరుకు కొట్టే రోజులొచ్చాయి. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాతో, "బావా, అక్క తిట్టిందని మనసులో ఎట్టుకోకు. నా సిన్నప్పట్నించీ అంతే. ఆకలేసినా తిడతది, బయమేసినా తిడతది" అంది.

వంట నా చేతికొచ్చింది. టీ తప్ప నాకేదీ చేతకాదు. ఆవిడ ముందుగదిలో మంచం మీద పడుకునే వంటింట్లో ఏం జరుగుతోందో చెప్పేసేది. ఆవాలు చిటపటలాడితే చాలు, "నూని మాడిపోతంది, సిమ్ములో ఎట్టు" అని అరిచేది. మొదటి కీమో అయిన రెండో రోజు నుంచి పోపు వాసనకే వాంతులయ్యాయి. చిన్న గ్యాసు పొయ్యి పెరట్లోకి మార్చి, గొడుగు అడ్డం పెట్టుకుని అక్కడ వండేవాణ్ణి. చోడి అంబలి, అదే రాగి జావ, కాచి ఇస్తే ఉప్పు లేదంది. కాస్త వేసి ఇస్తే ఉప్పు కషాయమంది. మూడోసారి ఏమీ కలపకుండా అదే గిన్నె ఇచ్చాను, "ఇప్పుడు మరీ సప్పగుంది" అంది. కీమోకి నాలిక రుచి పోతుందని నర్సు ముందే చెప్పింది. తెలిసినా కూడా, గిన్నె వెనక్కి తోసినప్పుడల్లా నాకు మొహం మీద కొట్టినట్టే ఉండేది.

జుట్టు రాలడం మొదలైన రోజు ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అరుగు మీద పీట వేయించుకుని కూర్చుని, "నీ గడ్డం మిషనట్టుకురా. నువ్వే గీసీ" అంది. మంగలిని పిలుస్తానంటే ఒప్పుకోలేదు. నేను భయం భయంగా గీస్తుంటే చేతిలో అద్దం పట్టుకుని కదలకుండా కూర్చుంది. అయిపోయాక తల తడుముకుని, "ఎనకాల సమంగా రాలేదు" అంది. లేచి వెళ్ళి బీరువా కింద అరలోంచి మెత్తటి లైనింగు గుడ్డ తీసి, మధ్యాహ్నానికల్లా తనకో టోపీ కుట్టుకుంది. నుదుటి మీద కుట్టు ఒరుసుకోకుండా అంచు బయటికి తిప్పింది. పెట్టుకుంటే అందంగానే ఉంది. ఆ మాటే అన్నాను. "నీకేటి తెలుసు" అంది కానీ ఆ రోజు అంబలి మొత్తం తాగింది.

రెండో కీమోకి ఆ టోపీతోనే వెళ్ళింది. ఆ వార్డులో వరసగా కుర్చీలుంటాయి. చేతికి సూది పెట్టించుకుని ఆడవాళ్ళు నాలుగైదు గంటలు కూర్చోవాలి. పక్క కుర్చీలో ఒకామె తలకి జారిపోయే స్కార్ఫు చుట్టుకుని గోక్కుంటోంది. మా ఆవిడ చూసీ చూసీ ఊరుకోలేకపోయింది.

"ఆ పోలిస్టరు గుడ్డ నెత్తికెట్టుకుంటే దురదెట్టదేటి? ఎవరిచ్చేరమ్మా నీకా సలహా?"

ఆమె బిత్తరపోయింది. మా ఆవిడ ఖాళీగా ఉన్న చేత్తో సంచిలోంచి టేపు తీసి నాకిచ్చి, "బావా, ఆయమ్మి తల కొలువు. చెవుల పైనుంచి" అంది. నేను కొలిచాను. ఆవిడ చెప్తుంటే చీటీ మీద రాసుకున్నాను. అది చూసి ఇంకొకామె అడిగింది, ఆ తర్వాత మరొకామె. వార్డులోంచి బయటికొచ్చేసరికి తొమ్మిది తలల కొలతలు నా జేబులో ఉన్నాయి.

ఆ టోపీలు మూడో కీమోకి తయారవలేదు. మూడో కీమో అయ్యాక కూడా గుడ్డ కత్తిరించి పక్కన పెట్టింది తప్ప మిషను ముట్టుకోలేదు. అడిగితే, "ఓపిక లేదు" అని విసుక్కునేది. కోపం మరీ పెరిగింది. టీ వేడిగా ఉందని, చల్లగా ఉందని, నేను చెప్పులీడ్చి నడుస్తున్నానని, నడక వినిపించకుండా వస్తున్నానని ఒకటే గొడవ. వీధిలో వాళ్ళేమో నన్ను చూసి, "మీలాటి మొగుడు ఎవరికుంటాడు బాబూ" అనేవారు. ఆ మాట వినిపించిన రోజు ఇంకో రెండు తిట్లు ఎక్కువ పడేవి.

నాలుగో కీమోకి ముందురోజు ఉదయం ఆసుపత్రి ఫైలు సంచిలో సర్దుతుంటే మంచం మీంచి, "ఆ ఫైలు లోపలెట్టీ. నాను రాను" అంది.

"రాకపోడవేటే? ఇంకా మూడున్నాయి కదా?"

"మూడయ్యేయి. సాలు. నీకేటి, సరుకులాగ బండెక్కిత్తావు, సరుకులాగ దింపుతావు. ఊరంతా నిన్నే పొగుడుతున్నారు. సూది గుచ్చించుకునేది నాను. నన్నెవడు పొగిడేడు?"

అంతవరకూ ఎన్ని మాటలన్నా నేను నోరెత్తలేదు. ఆ పూట ఏమైందో తెలియదు. ఫైలు తీసి బల్ల మీద గట్టిగా పెట్టాను. "పోనీ, రాకు! నాకూ ఇసుగొచ్చింది. నువ్వు తినవు, తిన్నా నచ్చదు. నాను మడిసిని కానేటి?" అని అరిచాను. అరిచి, చెప్పులేసుకుని బయటికి నడిచాను.

ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. కాళ్ళు అలవాటు ప్రకారం బస్సు కాంప్లెక్సుకే తీసుకెళ్ళాయి. కోటపాడు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. డ్రైవరు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. "ఏటి మామా, ఇటొచ్చేవు? ఎక్కు" అన్నాడు. ఎక్కి అతని వెనక సీట్లో కూర్చున్నాను. దారిలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. కిటికీలోంచి గాలి మొహానికి కొట్టింది. చెరుకు తోటలు, కల్లాలు, బస్సుకి దారివ్వకుండా నడిచే గేదెలు. కోటపాడులో దిగి ఒక బడ్డీ దగ్గర టీ తాగాను. వేడి గారెలు రెండు తిన్నాను. ఎవరో వండింది, నేను పెరట్లో గొడుగు కింద నిలబడి వండనిది తిని ఎన్నాళ్ళయిందో. తిన్నంతసేపూ మా ఆవిడ గుర్తురాలేదు. ఆ సంగతి గుర్తొచ్చాక ముందు సిగ్గేసింది. కాసేపటికి ఆ సిగ్గూ పోయింది. ఒళ్ళు తేలికపడింది. తిరుగు బస్సెక్కి మూడింటికల్లా ఇంటికొచ్చాను.

ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చునుంది. పొయ్యి పక్కన అన్నం, బీరకాయ పప్పు. చాలా నెలల తర్వాత తనే వండింది. కుడిచెయ్యి చీర చెంగులో దాచుకుంది.

"ఎక్కడికెల్లేవు?"

"కోటపాడు."

"అక్కడేటి పని?"

"ఏటీ లేదు. టీ తాగేను. గారెలు తిన్నాను."

"నాకు తేలేదేటి?" అంది.

ఆ గొంతులో రోజూ ఉండే పదును లేదు. దగ్గరికెళ్ళి చెంగు తీసి చూశాను. మూడు వేళ్ళ చివర్లు బొబ్బలెక్కి ఉన్నాయి. చెయ్యి పట్టుకుని నీళ్ళ గిన్నెలో ముంచాను.

"పప్పు గిన్ని దింపేను" అంది. "వట్టి సేత్తోనే పట్టుకున్నాను. కాలినట్టు తెలీనేదు బావా. సుయ్‌మని చప్పుడయ్యింది. అప్పుడు సూసేను."

"ఎన్నాళ్ళనించి ఇలగుంది?"

"రెండో దానికాడ మొదలయ్యింది. సూది పట్టుకుంటే పట్టుకున్నట్టుండదు. దారం ఎక్కించలేకపోతన్నాను. ఈ ఏల్లతోటే కదా బావా బతికేను. ఇయ్యి పోయి నానుంటే ఏటి, నేకపోతే ఏటి?" అని అప్పుడు ఏడ్చింది. డాక్టరు చెప్పినప్పుడు, ఆపరేషనప్పుడు, జుట్టు తీసినప్పుడు ఏడవనిది, వేళ్ళ కోసం ఏడ్చింది.

కత్తిరించి పక్కన పెట్టిన టోపీల సంగతి నాకప్పుడు అర్థమైంది. ఓపిక లేక కాదు. చేతకావట్లేదని చెప్పుకోలేక. ఇన్ని వారాలుగా నేను ఆవిడ కోపాన్నే చూశాను కానీ చేతుల్ని చూడలేదు. తోచిందే చెప్పాను.

"రేపు వత్తే డాక్టర్ని అడగొచ్చు. రాకపోతే ఎవర్నడుగుతాం?"

చెయ్యి నీళ్ళలోంచి తీసి, "వత్తాను" అంది. "కానీ తిట్టకుండా ఉండమంటే నా వల్ల కాదు."

"తిట్టు. వారానికి ఒక్క పూట మటుకు నన్నొదిలీ. గురువారం మీ చెల్లిని రమ్మంటాను."

"పాపం, దానికి పొలం పనులుండవేటి?" అంటూనే తనే ఫోను చేసింది.

మర్నాడు వెళితే డాక్టరుగారు చెయ్యి చూసి, ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డారు. బొబ్బలు మానేదాకా కీమో వారం రోజులు ఆపారు. మందు మోతాదు తగ్గిస్తామనీ, తిమ్మిరి చాలామందికి నెమ్మదిగా కొన్ని నెలల్లో తగ్గుతుందనీ, అందరికీ పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేననీ చెప్పారు. ఆ చివరి మాట మా ఆవిడకి నచ్చింది. "ఈయన అబద్దమాడ్డు" అని రైల్లో అంది.

ఇంటికొచ్చిన రెండో రోజు ఆవిడ కత్తిరించిన గుడ్డల వైపు చూస్తూ, "ఆళ్ళు తొమ్మిదిమంది ఏటనుకుంటారో" అంది.

"నువ్వు సెప్పు, నాను కుడతాను" అన్నాను.

ఎగాదిగా చూసింది. "నువ్వా?"

"ఎవరున్నారు మరి?"

అలా మొదలైంది. మొదట రెండు రోజులు దారం లేకుండా పాత న్యూస్‌పేపరు మీద తిన్నగా గీతలు కుట్టించింది. నేను తొక్కితే చక్రం వెనక్కి తిరిగేది. సూది విరిగేది. ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని, "ముప్పయ్యేళ్ళు బస్సు తోలేవు, కాలు ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు ఎత్తాలో తెలీదేటి? సేత్తో గుడ్డని లాగకు, దానికది ఎల్తాది, నువ్వు దారి సూపించు" అని అరిచేది. గుండ్రంగా తిప్పి కుట్టే దగ్గర నా కుట్టు చెరువు గట్టులా వంకరపోయేది. విప్పించేది. మళ్ళీ కుట్టించేది. ఒకే టోపీని నాలుగుసార్లు విప్పాను.

విచిత్రమేమిటంటే ఆ తిట్లు నాకు బాధనిపించలేదు. అంబలి విషయంలో తిడితే నేను చేయగలిగిందేమీ ఉండేది కాదు. ఇక్కడ తిట్టులో పని ఉంది. ఆవిడ చెప్పినట్టు చేస్తే కుట్టు నిజంగానే తిన్నగా వచ్చేది. వచ్చినప్పుడు మెచ్చుకునేది కాదు కానీ, "ఊఁ, తర్వాత ముక్క తియ్యి" అనేది. ఆ "ఊఁ" కోసం నేను పొద్దున్నే లేచి వంట తొందరగా ముగించుకుని మిషను దగ్గరికి వచ్చేవాణ్ణి.

ఒకరోజు పాత ఖాతాదారొకామె జాకెట్టు గుడ్డతో వచ్చి, మిషను మీద నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మా ఆవిడ తొణక్కుండా, "కొత్తగా పన్లోకి సేరేడు. బుర్ర కొంచెం మందం గానీ మనిసి నమ్మకస్తుడు" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆవిడ అలా పెద్దగా నవ్వడం చాలా రోజుల తర్వాత విన్నాను.

గురువారాలు మా మరదలు పొద్దున్నే బస్సు దిగేది. నేను ఏదో ఒక బస్సెక్కి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకసారి నాతవరం దాకా వెళ్ళి వచ్చాను. ఏ పనీ లేదు. కిటికీ పక్కన కూర్చోవడమే పని. వచ్చేటప్పుడు గారెలో, బజ్జీలో పొట్లం కట్టించుకు తెచ్చేవాణ్ణి. రుచి తెలియకపోయినా ఒకటి కొరికి, "నూని మంచిది కాదు" అనేది. మా మరదలు సంచి భుజాన వేసుకుంటూ, "నా వంతయిపోయింది బావా, మిగతా ఆరు రోజులూ నీయి" అని నవ్వేది.

నాలుగోది అయిపోయింది. ఐదో కీమోకి తొమ్మిది టోపీలూ సంచిలో పెట్టుకుని వెళ్ళాం. ఇచ్చిన చోటల్లా మా ఆవిడ స్వయంగా తొడిగి, చెవుల దగ్గర సర్ది, "ఉతికితే ఎండలో ఎయ్యకండి" అని హెచ్చరించింది. ఒకామె రాలేదు. ఎందుకు రాలేదని నర్సుని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. మా ఆవిడ ఆ టోపీని మడిచి చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు కొత్తగా చేరిన ఒక చిన్నమ్మాయికి అది సరిపోతుందేమో చూసి ఇచ్చింది.

నేను మొట్టమొదట కుట్టిన టోపీ ఒకటి ఇంట్లో ఉండిపోయింది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంటుంది. "ఇది ఎవరికైనా ఇత్తే నా పరువు పోద్ది" అని దాన్ని తనే పెట్టుకునేది. ఆరో కీమోకి దాంతోనే వచ్చింది.

తర్వాత మూడు వారాలు రేడియేషను. ఆదివారం తప్ప రోజూ పొద్దున రైలెక్కి వైజాగ్ వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. రైలు ఉద్యోగస్తులతో కిటకిటలాడేది. ఎవరూ సీటివ్వకపోతే మా ఆవిడ మాట్లాడకుండా టోపీ తీసి చేత్తో పట్టుకునేది. గుండు చూసి ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేచేవారు. కూర్చున్నాక నాకు కూడా పక్కన చోటు చేయించేది. ఎదురుగా నిలబడ్డ ఆడపిల్లల జాకెట్లు చూసి, ఎవరిది చంక దగ్గర బిగిసిందో, ఎవరిది మెడ ఎక్కువ దిగిందో నా చెవిలో చెప్పేది. నేను కూడా గుర్తుపట్టడం మొదలుపెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం అన్ని రోజులు వరసగా కలిసి ప్రయాణం చెయ్యలేదు. నేనెప్పుడూ స్టీరింగు ముందు, ఆవిడెప్పుడూ మిషను ముందు. చెప్పకూడదు గానీ, ఆ మూడు వారాలూ నాకు సంతోషంగానే గడిచాయి. రేడియేషనుకి ఆవిడ చర్మం కమిలి నల్లబడింది, నీరసపడేది, అదీ నిజమే. రెండూ నిజాలే.

వైద్యం ముగిసి ఏడాది దాటింది. జుట్టు తెల్లగా, రింగులు రింగులుగా వచ్చింది. వేళ్ళలో స్పర్శ ముప్పావు వంతు తిరిగొచ్చింది. కాలివేళ్ళు రెండు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. పోయిన నెల పరీక్షల్లో ఏమీ లేదన్నారు. మళ్ళీ ఆరు నెలలకి రమ్మన్నారు. కొట్టు మళ్ళీ తెరిచింది. కత్తిరించడం, మెడ, చేతులు ఆవిడవి. తిన్నగా వెళ్ళే కుట్లు, హుక్కులు, కాజాలు నావి. డిపోలో పాత స్నేహితులు ఏడిపిస్తారు. ఏడిపించనీ. వాళ్ళ భార్యల జాకెట్ల హుక్కులు ఊడకుండా ఉన్నాయంటే అవి నేను కుట్టినవే.

మొన్నామధ్య కోటపాడు నుంచి ఒకామె వచ్చింది, జాకెట్టు కోసం కాదు. భర్తకి గొంతు కాన్సరట. మనిషి మహా కోపిష్టి అట. ఎలా వేగాలో అని ఏడ్చింది. మా ఆవిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "ముందు వారానికో పూట ఇంట్లోంచి బయటికి పో తల్లీ. ఎవర్నో ఒకర్ని కూకోబెట్టి పో. మా బావని నానలాగే పంపించేదాన్ని" అంది. నేను గుండీ కుడుతూ తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. నేనూ సరిదిద్దలేదు. ఆమె వెళ్ళేటప్పుడు, "ఆయన మాటలు ఇనకు, సేతులు సూడు, కాళ్ళు సూడు. నొప్పెక్కడుందో సెప్పుకోలేక అరుత్తాడు" అని గుమ్మం దాకా వెళ్ళి చెప్పింది. అంతకుముందెప్పుడూ తన గురించి ఆవిడ అంత మాట అనగా నేను వినలేదు.

కాన్సరొచ్చాక మనిషి మెత్తబడిందా అని బంధువులు అడుగుతారు. లేదు. మారిందల్లా నేను ఎదురు చెప్పడం నేర్చుకోవడమే. నిన్న ఒక జాకెట్టుకి ఒక చెయ్యి రెండోదానికంటే పొట్టిగా వచ్చిందని నేనన్నాను. కాదంది. వాదించింది. నాకు కుట్టు నేర్పింది తనేనని గుర్తుచేసింది. నేను పట్టు విడవలేదు. చివరికి రెండు చేతులూ పక్కపక్కన పరిచి చూసింది. అర అంగుళం తేడా. గంటసేపు నాతో మాట్లాడకుండా కుట్లు విప్పింది. తర్వాత తల ఎత్తకుండానే, "టీ ఎట్టు బావా" అంది. లేచి పెట్టాను.